ఆకలి పుణ్యమగునా?

దేహభారమును తగ్గించుకొనుటకై నియమిత కాలములందు ఆహారమును మానుకొను పద్ధతి నేడు విశేషముగ వ్యాపించినది. దినమునందలి ఇరువదినాలుగు గంటలలో పదునారు గంటలు ఏమియు తినక, మిగిలిన ఎనిమిది గంటలలోనే భోజనము ముగించుకొనువారు కొందరు. వారమున ఐదు దినములు యథాప్రకారము తిని, రెండు దినములు మాత్రము అత్యల్పముగ తినువారు మరికొందరు. దినము విడిచి దినము ఉపవసించువారును కలరు. దీనికి ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ అను ఆంగ్లనామము ప్రసిద్ధమైనది.

ఈ పద్ధతిని పట్టినవారు తమ అనుభవములను చెప్పునప్పుడు ఒక విశేషము కానవచ్చును. వారు తగ్గిన కిలోల లెక్కతో ఆగరు. జిహ్వను జయించితిమందురు, మనస్సు తేలికపడినదందురు, నిగ్రహము అలవడినదందురు. ఇవి వైద్యుని మాటలు కావు, సాధకుని మాటలు. కావున విచారింపవలసిన ప్రశ్న యొకటి పుట్టుచున్నది. తూకపు యంత్రము కొరకు చేయు ఉపవాసము ధర్మకార్యమగునా? ఆకలిగొని యుండుటలోనే యొక పుణ్యము కలదా? లేనిచో, ఆకలికి విలువ నిచ్చునది ఏది?

ముందుగ ఈ పద్ధతి వలన దేహమున జరుగునదేమో తెలిసికొనుట మేలు. తిన్న యన్నములోని శక్తిలో కొంత భాగము గ్లైకోజన్ అను రూపమున కాలేయమునందు నిలువయుండును. ఆ నిలువ స్వల్పము. సుమారు ఒక దినమునకు మించి రాదు. అది తరిగినకొలది దేహము కొవ్వును కరిగించి కీటోనులను తయారుచేసికొని వానిని ఇంధనముగ వాడుకొనును. దేహకణములు తమలోని పాతబడిన భాగములను తామే విడదీసి మరల వినియోగించుకొను ఏర్పాటు కూడ ప్రకృతిలో కలదు. ఆ ఏర్పాటు పనిచేయు తీరును కనుగొనినందుకు జపాను దేశస్థుడైన యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ బహుమానము లభించినది. ఆయన ఆ పరిశోధనను ప్రధానముగ ఈస్టు అను సూక్ష్మజీవిపై జరిపెను. ఈ ఒక్క విషయమును ఆధారముగ గొని, అల్పాహారము మానినంత మాత్రమున సర్వరోగములును తొలగునని ప్రచారము చేయుట శాస్త్రము కాదు.

మనుష్యులపై జరిగిన పరీక్షలు ఇంతకంటె వినయముగ మాటలాడుచున్నవి. 2020లో అమెరికాలో ప్రకటింపబడిన పరీక్షలో 116 మంది పాల్గొనిరి. పండ్రెండు వారములపాటు ఒక వర్గమువారు మధ్యాహ్నము పండ్రెండు మొదలు రాత్రి ఎనిమిది వరకే తినిరి. రెండవ వర్గమువారు మూడు పూటలు తినిరి. మొదటివారు సగటున 0.94 కిలోలు, రెండవవారు 0.68 కిలోలు తగ్గిరి. ఆ భేదము గణింపదగినది కాదని తేలినది. 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమునుండి వెలువడిన పరీక్షలో 139 మంది స్థూలకాయులు ఏడాదిపాటు ఆహారపరిమాణమును తగ్గించుకొనిరి. వారిలో గంటల నియమము కూడ పాటించినవారు సగటున 8 కిలోలు, ఆ నియమము లేనివారు 6.3 కిలోలు తగ్గిరి. ఈ భేదము కూడ నిశ్చయమైనదిగ తేలలేదు. 2017లో ప్రకటింపబడిన మరియొక పరీక్షలో దినము విడిచి దినము ఉపవసింపవలసినవారిలో నూటికి 38 మంది, ప్రతిదినము కొంచెము తగ్గించి తినవలసినవారిలో నూటికి 29 మంది నడుమనే మానివేసిరి. వీని సారాంశమొక్కటే. బరువు తగ్గుట తక్కువ తినుట వలననే. గడియారమునందు మహిమ లేదు. ఎవరికి గడియారము వలన తక్కువ తినుట సులభమగునో, వారికది మంచి సాధనము. తక్కినవారికి వేరు సాధనములు కలవు.

ఇది తెలుగునాట క్రొత్త విషయమును కాదు. ఒక పూట తిన్నవాడు యోగి, రెండు పూటలు తిన్నవాడు భోగి, మూడు పూటలు తిన్నవాడు రోగి అని పెద్దలు చెప్పుచునే యుండిరి. కార్తీక సోమవారమున నక్షత్రదర్శనము వరకు భోజనము చేయనివారును, ఏకభుక్తము పాటించువారును ఇంటింట నుండిరి. అయినను ఆ ఉపవాసమునకును ఈ ఉపవాసమునకును నడుమ ఒక భేదమున్నది. అది గంటలలో లేదు, ఉద్దేశములో నున్నది. అందుచే ఉద్దేశమును గూర్చియే విచారింపవలెను.

ఈ విషయమున రెండు వాదములు వినవచ్చుచున్నవి.

మొదటిది: ఇది కేవలము ఆరోగ్యవిషయము, ధర్మాధర్మములతో దీనికి పనిలేదు, మాత్ర మ్రింగువానిని పుణ్యాత్ముడని గాని పాపాత్ముడని గాని అనము గదా యనునది. ఈ వాదములో సత్యము కొంత కలదు. మోకాళ్ల నొప్పితో మెట్లు ఎక్కలేనివాడు పది కిలోలు తగ్గి మరల తన పని తాను చేసికొనగలిగినచో అది మేలే. కాయకమును కైలాసముగ నెంచిన సంప్రదాయమునందు, కాయకమునకు సాధనమైన దేహమును పాడు చేసికొనుట గొప్ప కాదు. దానిని నిలుపుకొనుట స్వార్థమును కాదు. ఇష్టలింగమును ధరించు దేహము అలక్ష్యము చేయదగిన వస్తువు కాదు. అయితే తినుట యనునది మాత్ర మ్రింగుట వంటిది కాదు. అన్నమును పండించినవాడొకడు, వండినది యొకతె, పక్కన కూర్చుండి తినువారు కొందరు, తినలేక చూచువారు మరికొందరు. ఇందరితో ముడిపడిన పనిని కేవలము సొంత విషయమనుట సాధ్యము కాదు.

రెండవ వాదము దీనికి విపరీతము: ఆకలిని ఓర్చుకొనుట తపస్సు, ఏ కారణముచే ఓర్చుకొనినను దాని వలన ఆత్మబలము కలుగును అనునది. ఈ వాదము వినుటకు సొంపుగ నుండును. కాని పరీక్షకు నిలువదు.

ఆకలి తనంతట తాను ఆత్మబలము నిచ్చునదైనచో, కరవుకాలపు జనులు అందరికంటె ధన్యులై యుండవలెను. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన మహాక్షామమున కర్నూలు, కడప, బళ్లారి మండలములు ఘోరముగ దెబ్బతినెను. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారి కరవు పనులలోని కూలివానికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యము చాలునని నిర్ణయించెను. రాజధాని ఆరోగ్యాధికారియైన కార్నిష్ దానిని తీవ్రముగ ఎదిరించెను. ఆ ధాన్యముతో ఎండలో రాళ్లు కొట్టిన మనుష్యుని ఆకలిని తపస్సనుటకు ఎవరికి నోరు వచ్చును? అది అన్యాయము, అంతకు మించి యేమియు కాదు.

కోరి చేసిన ఆకలియు మనస్సును తప్పక ఉన్నతము చేయునని చెప్పలేము. రెండవ ప్రపంచయుద్ధము ముగియు కాలమున, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ముప్పదియారుగురు యువకులపై ఒక పరీక్ష జరిపెను. వారు మనస్సాక్షి అంగీకరింపనందున యుద్ధము చేయ నిరాకరించి, క్షామపీడితులకు ఉపయోగపడుటకై ఈ పరీక్షకు స్వయముగ ఒప్పుకొనినవారు. ఇరువదినాలుగు వారములు వారికి సగము కడుపు భోజనమే లభించినది. అట్టి సదుద్దేశము గలవారు కూడ క్రమముగ చిరాకుపడిరి, ఒంటరితనమును కోరిరి, పళ్లెములు నాకిరి, వంటల పుస్తకములను పారాయణము వలె చదివిరి. ఆకలి మితిమీరినచో మనస్సు భగవంతునివైపు కాక వంటింటివైపు పోవునని దీని వలన తెలియుచున్నది. నేటి పదునారు గంటల నియమము ఇంత కఠినము కాదు. అయినను దానిని పట్టినవారు చెప్పు మొదటి వారముల అనుభవము, తలనొప్పి, విసుగు, పదిమార్లు గడియారము చూచుట, ఆ మార్గమున వేసిన చిన్న అడుగే. చాలమందికి ఆ దశ గడచిపోవును. ఆకలి కెరటము వలె వచ్చి పోవునని తెలిసికొందురు. కొందరికి గడువదు. అట్టివారు తమ సంకల్పము దుర్బలమని కుమిలిపోవలసిన పనిలేదు.

కావున ఆకలి స్వయముగ పుణ్యమును కాదు, పాపమును కాదు. పాత్ర వంటిది. దానిలో పోసినదానిని బట్టియే దాని విలువ యుండును.

శరణుల చరిత్రలో ఈ విచారమునకు తగిన యుదాహరణము కలదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణనగరమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ యను దంపతులుండిరి. బసవేశ్వరుని ముంగిట ఒలికిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే వారు వండి, జంగములకు అర్పించి, మిగిలిన ప్రసాదమును స్వీకరించెడివారు. ఒకనాడు మారయ్య అలవాటునకు మించిన బియ్యమును తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. అవసరమునకు మించినది ఆశయే యగునని, ఎక్కువైన బియ్యమును తెచ్చిన చోటనే విడిచి రమ్మని భర్తను మరలించెను.

ఈ కథలో ఎవరును ఉపవసింపలేదు. ఆకలిని ఎవరును పొగడలేదు. అన్నమును తృణీకరింపనులేదు, ఒక్కొక్క గింజను నేల మీదినుండి ఏరుకొనుట కంటె అన్నమునకు గౌరవమేమి కలదు? లక్కమ్మ కొలిచినది గంటలను కాదు, బరువును కాదు, అవసరమును. ఆమె ప్రశ్న "ఎంతసేపు తినక ఉండగలము?" అనునది కాదు, "ఎంత చాలును?" అనునది. మొదటి ప్రశ్న తన బలమునుగూర్చి. రెండవది తనకును లోకమునకును గల సంబంధమునుగూర్చి. ఎనిమిది గంటల వ్యవధిలో ఇష్టము వచ్చినంత తిని నియమము పాటించితిననువాడు మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పినాడు. రెండవదానిని ఇంకను విననేలేదు.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. హైదరాబాదులో ఒక ఉద్యోగి ఉదయమున ఇడ్లీలు మానినంత మాత్రమున ఏ పల్లెలోని బాలునికి కడుపు నిండును? అతడు మానినది ఎవరికిని చేరదు. తినినను ఎవరిదియు పోదు. అట్టియెడ అతని ఉపవాసమునకు లోకముతో సంబంధమెట్లు అని అడుగవచ్చును. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. మానిన అన్నము తనంతట తాను నడచి ఆకలిగొన్నవాని యింటికి పోదు. దానిని చేర్చవలసినవాడు మనుష్యుడే. ఆ చేర్చుటకే దాసోహమని పేరు. తినకుండుట దాసోహము కాదు. తినకుండుట వలన కలిగిన ఎరుకను ఇతరుల ఆకలివైపు త్రిప్పుట దాసోహమునకు ప్రారంభము. పదునాలుగవ గంటలో కడుపు మండినపుడు, ఈ మంట కోరకయే ప్రతిదినము అనుభవించువారు కలరని తోచినచో, ఆ ఉపవాసము తూకపు యంత్రమును దాటి ముందునకు పోయినది. తోచనిచో అది మంచి వైద్యముగనే మిగులును. అందులోను తప్పు లేదు. కాని దానిని తపస్సనరాదు.

అట్టివారు దూరమున లేరు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి, ఈ దేశమున పదునైదు మొదలు నలువదితొమ్మిది యేండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 24 మంది అధిక బరువు గలవారు, నూటికి 18.7 మంది ఉండవలసిన బరువు కంటె తక్కువ గలవారు. ఒకే వీధిలో, ఒక్కొక్కప్పుడు ఒకే యింటిలో, ఈ ఇద్దరును కలరు. ఉపవాసమునకై సమయము చూచుకొను యజమానురాలును, ఆమె యింట అంట్లు తోమి చద్దన్నము తిను పనిమనిషియు ఒకే వంటింటిలో నిలుచుచున్నారు. ఒకరి ఆకలి నియమము. మరియొకరి ఆకలి విధి. మొదటి ఆకలి రెండవదానిని చూడజాలనిచో, ఆ నిగ్రహము ఎవరికి ఉపకారము?

ఇంటిలోపలి మాట మరియొకటి కలదు. గృహయజమాని గంటల నియమము పెట్టుకొనినపుడు ఆ నియమపు భారము తరచుగ వంట చేయువారిపై పడును. పిల్లలకు ఉదయమున ఒకసారి, ఆయనకు మధ్యాహ్నము వేరుగ ఒకసారి, అత్తమామలకు రాత్రి పొద్దుపోయి ఒకసారి పొయ్యి వెలిగింపవలసి వచ్చును. అందరును తినిన పిమ్మట మిగిలినది తిను ఇల్లాలు ఏ పేరును లేకయే ఎన్నియో యేండ్లుగ ఉపవాసములు చేయుచున్నది. ఆమె ఉపవాసమును ఎవరును లెక్కింపలేదు, మెచ్చుకొననులేదు. నియమము పట్టినవాడు మొదట తన పళ్లెమును తాను కడిగికొని, ఆమె వేళకు తినినదా యని విచారించుట, పదునారు గంటల నిరాహారము కంటె కష్టమైన నిగ్రహము.

ఉపవాసమున దాగియున్న పెద్ద శత్రువు ఆకలి కాదు, అహంకారము. కొన్ని కిలోలు తగ్గినవానికి ఇతరుల పొట్టలు కనబడ నారంభించును. స్థూలకాయుని చూచి, వీనికి నోటి మీద అదుపు లేదని తీర్పు చెప్ప సాహసించును. దేహభారము శీలమునకు కొలత కాదు. వంశక్రమము, కొన్ని ఔషధములు, నిద్రలేమి, రాత్రి పాళీల కొలువు, చవుకగ దొరకు నూనె తిండి, ఇవన్నియు దానిని నిర్ణయించుచున్నవి. పుట్టుకను బట్టి మనుష్యుని హీనుడనరాదని చాటిన బోధను శిరసావహించువారు, నడుము చుట్టుకొలతను బట్టి మనుష్యుని హీనుడనుట ఎట్లు పొసగును? తగ్గిన బరువు స్థానమున గర్వము పెరిగినచో, దేహము తేలికపడినను మనుష్యుడు బరువెక్కినాడనియే చెప్పవలెను.

ఆకలికి అర్థము వెలుపలినుండి వచ్చుననుటకు తెలుగువారి చరిత్రయే సాక్ష్యము. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్ష ప్రారంభించి, డిసెంబరు 15 రాత్రి ప్రాణములు విడిచెను. మరుసటి యేడు అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించెను. ఆ మార్గము అందరికిని అనుసరణీయమని ఎవరును అనలేరు. ఆయన దేహమున జరిగిన మార్పులు వైద్యశాస్త్రమునకు క్రొత్తవి కావు: గ్లైకోజన్ తరుగుట, కొవ్వు కరుగుట, కండరములు క్షీణించుట. అవియే మార్పులు ఏ కరవులోనైనను జరుగును. ఆయన ఆకలిని ప్రజలు మరువలేకపోవుటకు హేతువు ఆ మార్పులు కావు. ఆ ఆకలి తనకొరకు కాకపోవుట.

దీనికి ఆవలి తీరమున మరియొక యుదాహరణము కలదు. తుమకూరు సమీపమునందలి సిద్ధగంగా మఠాధిపతులు శ్రీ శివకుమారస్వామివారు అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును దశాబ్దములుగ నడిపిరి. కులమత భేదము లేక వేలాది పేదబాలురు అచట తిని చదువుకొనిరి. 2019 జనవరి 21న, నూటపదకొండేండ్ల వయస్సున, స్వామివారు లింగైక్యము చెందిరి. బాలుర మధ్యాహ్న భోజనమునకు ఆటంకము కలుగరాదను వారి కోరిక మేరకు, పిల్లలు తినిన పిమ్మటనే ఆ వార్త ప్రకటింపబడెను. గురువు పోయిన దినమున శిష్యులు ఉపవసించుట లోకాచారము. ఆ గురువు కోరినది వారు తినుట. మితముగ జీవించిన సాధకుని మనస్సు తుదకు ఎచట నిలిచెనో దీని వలన స్పష్టమగుచున్నది: తన కడుపుపై కాదు, ఎదుటివాని కడుపుపై.

కావున బరువు తగ్గించుకొనగోరువారు ఉపవసింపవచ్చును. అందుకు సిగ్గుపడ పనిలేదు. మధుమేహమునకు ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడువారు వైద్యుని అడుగక ఈ నియమము పట్టరాదు. రక్తమునందలి చక్కెర హఠాత్తుగ పడిపోవు ప్రమాదము కలదు. గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును, ఎదుగు పిల్లలకును, ఆహారమునుగూర్చిన మనోవ్యాధితో బాధపడినవారికిని ఇది తగదు. వారు తినుటయే ధర్మము.

తగినవారు మాత్రము నియమమును విడుచు వేళ, మొదటి ముద్దకు ముందు, మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. ఈ ఆకలి వలన ఈ దినమున నా పని మెరుగైనదా, పాడైనదా? నా నియమము వలన ఇంటిలో మరియొకరి భోజనము ఆలస్యమైనదా? నేను మానినదానిలో పిడికెడైనను ఎవరికైనను చేరినదా? ఈ ప్రశ్నలకు సమాధానము తూకపు యంత్రము చెప్పలేదు. ఆ సమాధానము సరిగ నున్ననాడు, ఎదుటనున్న పళ్లెములోనిది ఆహారము మాత్రమే కాదు, ప్రసాదము. అప్పుడు దానిని లెక్క పెట్టుకొనక, మితముగ, సంతోషముగ భుజింపవలెను.